పేరు పిలిచినప్పుడు వినపడాలి

పాటలు, వేదికలు, మైకులు, వాద్యాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఎండాకాలం వస్తే ఈ పేజీకి పెళ్లి సంగీత్‌ల గురించే ఎక్కువ ఉత్తరాలు వస్తాయి. ఈసారి ఫుట్‌బాల్ క్లబ్బుల నుంచి వచ్చాయి. చాలా సంతోషం. సికింద్రాబాద్‌లో పుట్టి ఆర్కెస్ట్రాల్లో పాడుతూ పెరిగినదాన్ని. మా ఇంట్లో హార్మోనియం ఎంత ముఖ్యమో, అన్నయ్యల బంతి కూడా అంతే ముఖ్యం. అందుకని ఈ నెల పేజీ మొత్తం వాళ్లకే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది బొల్లారం వైపు ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్. డబ్బులు తీసుకుని ఆడేవాళ్లు ఎవరూ లేరు. ఎనిమిదేళ్ల పిల్లల దగ్గర్నుంచి నలభై దాటిన ఉద్యోగస్తుల వరకు ఆదివారం పొద్దున్నే గ్రౌండుకు వస్తాం. సీజన్ అయ్యాక కుటుంబాలతో కలిసి అవార్డుల ఫంక్షన్ చేసుకుంటాం. పోయినసారి డీజేను పెట్టాం. ఆ సౌండుకు ఎవరి పేరు పిలుస్తున్నారో ఎవరికీ తెలియలేదు. మా అండర్-12 గోల్‌కీపర్ పేరు పిలిస్తే హాల్లోనే వెనక కూర్చున్న వాళ్ల నాన్నకు వినపడలేదు. ఆయన ఫోన్ తీసేలోపు బాబు కప్పు తీసుకుని దిగిపోయాడు. ఈసారి కుర్రాళ్లు మళ్లీ డీజే అంటున్నారు, పెద్దవాళ్లు ఆర్కెస్ట్రా అంటున్నారు, ట్రెజరర్ గారు బ్లూటూత్ స్పీకర్ చాలంటున్నారు. నూట యాభై మంది దాకా వస్తారు. రేకుల కప్పున్న కమ్యూనిటీ హాలు. ఏం చేయమంటారు?
– ఒక క్లబ్ కార్యదర్శి, బొల్లారం

జవాబు: బాబూ, లైవ్ పెట్టుకోండి. కాకపోతే చిన్నది పెట్టుకోండి. కీబోర్డ్ ఒకరు, ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) ఒకరు, గిటార్ ఒకరు, పాడేవాళ్లు ఇద్దరు. మీ హాలుకు, మీ ట్రెజరర్ గారికి కూడా అది సరిపోతుంది.

లైవ్ ఎందుకంటున్నానంటే, వాయించేవాళ్లకు కళ్లుంటాయి. పేరు పిలవగానే ఎనిమిదేళ్ల పిల్లవాడు గబగబా స్టేజీ ఎక్కడు. ముందు అమ్మ వంక చూస్తాడు. ఆవిడ వీపు మీద చెయ్యేసి ముందుకు పంపుతుంది. కుర్చీల సందులోంచి వస్తూ ఎవరిదో బ్యాగు తట్టుకుంటాడు. మెట్ల దగ్గరికొచ్చి ఎటువైపు నుంచి ఎక్కాలో తెలియక ఆగుతాడు. కీబోర్డ్ మీదున్న మనిషి ఇదంతా చూస్తూనే ఉంటాడు. వాయిస్తున్న చిన్న సంగీతం బిట్టును ఇంకో రౌండు తిప్పుతాడు, పిల్లవాడు మెట్టెక్కుతుంటే స్వరం పైకి తీసుకెళ్తాడు, కప్పు చేతికందగానే ప్యాడ్స్ అతను ఒక్క దెబ్బతో ముగిస్తాడు. చప్పట్లు సరిగ్గా అక్కడ పడతాయి. రికార్డు పాటకు ఆ పిల్లవాడు ఎక్కడున్నాడో తెలియదు. వాడు సగం దారిలో ఉండగానే అయిపోతుంది, లేకపోతే వాడు దిగిపోయాక కూడా మోగుతూనే ఉంటుంది.

ఇక అసలు సంగతి. పేరు పలికేటప్పుడు సంగీతం ఉండకూడదు. మెల్లగా అయినా సరే, వద్దు. ముందు పేరు, తర్వాత ఆ పిల్లవాడు ఈ సీజన్‌లో ఏం చేశాడో ఒక్క వాక్యం, మళ్లీ పేరు. ఆ తర్వాతే బిట్టు. 'సెమీఫైనల్లో రెండు పెనాల్టీలు ఆపాడు' అని చెప్పండి, అంతకన్నా పొడిగించకండి. 'క్రమశిక్షణకు మారుపేరు' లాంటి మాటలు అందరికీ అతుకుతాయి, అందుకే ఎవరికీ గుర్తుండవు. ఆ రాత్రి మీ క్లబ్బుకు ఉన్న అసలు పాట ఆ పేర్ల వరసే. మేము వాయించేది దాని చుట్టూ ఉండాలి, దాని మీద కాదు.

పేర్లు చదవడానికి బయట నుంచి యాంకర్ వద్దు. గ్రౌండులో పిల్లలందరినీ పేరుపెట్టి పిలిచే మనిషి మీలో ఒకరు ఉంటారు, ఆయన చదవాలి. మన సికింద్రాబాద్ క్లబ్బుల్లో తెలుగు పేర్లు, ఉర్దూ పేర్లు, తమిళ పేర్లు, ఆంగ్లో ఇండియన్ల పేర్లు అన్నీ ఉంటాయి. ఇంటిపేరు ఎలా పలకాలో తల్లిదండ్రుల్ని ముందే అడిగి, చదివే మనిషికి బాగా అలవాటైన లిపిలో పెద్ద అక్షరాలతో రాసివ్వండి. ఫోన్‌లో చూసి చదివితే మధ్యలో ఎవరో ఒకరు కాల్ చేస్తారు.

ఆయన మైకు ఆర్కెస్ట్రా మైకుల్లోంచి తీసింది కాకూడదు. పాడేవాళ్ల మైకుకు ఎకో పెట్టి ఉంటారు. ఆ ఎకోలో పేరు చదివితే చివరి అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి ఏదీ అర్థం కాదు. విడిగా ఒక మైకు, దానికి ఎకో వద్దని సౌండ్ అబ్బాయికి చెప్పండి. వైర్‌లెస్ అయితే కొత్త బ్యాటరీలు వేయించి, పక్కనే స్టాండుకు ఒక వైరు మైకు కూడా ఉంచండి.

మీది రేకుల కప్పు అన్నారు. కింద గ్రానైట్ కూడా ఉందనుకుంటాను, ఈ మధ్య అన్ని హాళ్లకూ అదే వేస్తున్నారు. శబ్దం పైనా కిందా కొట్టుకుని గందరగోళంగా వినిపిస్తుంది. వెనకవాళ్లకు వినపడటం లేదని సౌండు పెంచితే ఆ గందరగోళమే పెరుగుతుంది. మీ పోయినేటి ఇబ్బందికి సగం కారణం ఇదే అయి ఉంటుంది. ముందున్న రెండు స్పీకర్లను కూర్చున్నవాళ్ల తలలకు కాస్త పైన పెట్టి, ముఖం జనం వైపు కొంచెం కిందికి వంచండి. హాలు మధ్యలో, రెండు పక్కలా చిన్న స్పీకర్లు పెట్టి తక్కువ సౌండుతో నడపండి. స్పీకర్లు ఎప్పుడూ మైకుల కన్నా ముందుండాలి. కప్పు ఇచ్చే పెద్దమనిషి మైకు పట్టుకుని ఉత్సాహంగా జనంలోకి దిగి స్పీకర్ ముందుకు వస్తే, అది కుయ్యిమని కూత పెట్టి చంటిపిల్లల్ని ఏడిపిస్తుంది. ఆయనకు ముందే చెప్పి పెట్టండి.

కప్పుల బల్ల గురించి ఎవరూ ఆలోచించరు. పల్చటి ప్లైవుడ్ బల్ల మీద శాటిన్ గుడ్డ వేసి, దాని మీద కప్పులన్నీ పేర్చి, బాస్ స్పీకర్ పక్కనే పెడతారు. ప్యాడ్స్ మీద దెబ్బ పడ్డప్పుడల్లా కప్పుల మూతలు గలగలమంటూ అంచు దాకా జరుగుతాయి. బల్లను స్పీకర్‌కు ఎదురు మూలలో పెట్టండి. కప్పులను చిన్నపిల్లలవి ముందు, పెద్దవాళ్లవి వెనక, పిలిచే వరసలోనే పేర్చితే వెతుక్కునే పని ఉండదు.

కరెంటు సంగతి. సౌండ్ మిక్సరు, కీబోర్డ్ ఒక లైను మీద; డెకరేషన్ లైట్లు ఇంకో లైను మీద. రెండూ కలిస్తే స్పీకర్లలో గుయ్యిమని రొద వస్తుంది. జనరేటర్ ఉందిగా అని ధీమాగా ఉండకండి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది క్షణాల్లోనే కీబోర్డ్ ఆగిపోతుంది, మళ్లీ ఆన్ అయి సెట్టింగులు తెరుచుకునే దాకా అందరూ ఎదురుచూడాలి. కంప్యూటర్‌కు వాడే చిన్న యూపీఎస్ ఒకటి ఎవరింట్లోనైనా ఉంటుంది. కీబోర్డ్‌కు, మిక్సర్‌కు దాన్ని పెట్టండి.

కార్యక్రమం ఆరున్నరకు మొదలుపెట్టి, మొదటి పాట ఒక్కటి పాడించి, వెంటనే చిన్నపిల్లల కప్పులు ఇచ్చేయండి. ఎనిమిదిన్నరకు వాళ్లు నిద్రకు వస్తారు. రాగానే సమోసా, టీ ఇవ్వండి. బిర్యానీ గిన్నెల మూతలు మాత్రం అవార్డులన్నీ అయ్యాకే తీయాలి, ఆ వాసన వచ్చాక స్టేజీ వైపు ఎవరూ చూడరు. భోజనాల వేళ పాడేవాళ్లు లేకుండా కీబోర్డ్, గిటార్ మీద మెల్లగా పాత పాటల ట్యూన్లు. కుర్రాళ్లు డీజే అడుగుతున్నారు కదా, వాళ్లను చిన్నబుచ్చకండి. సీజనంతా గ్రౌండులో సున్నం గీతలు గీసిందీ, నెట్లు కట్టిందీ వాళ్లే అయి ఉంటారు. భోజనాలయ్యాక చివరి ముప్పావుగంట వాళ్లది. అప్పటికి పేర్లన్నీ పిలవడం అయిపోయి ఉంటుంది, ఎంత గట్టిగా ఆడుకున్నా ఎవరికీ నష్టం లేదు.

నా కోరిక ఒకటి. అవార్డుల మధ్యలో ఐదు నిమిషాలు మీ క్లబ్బులోని పెద్దాయన ఎవరైనా మన ఊరి ఫుట్‌బాల్ గురించి పిల్లలకు చెప్పాలి. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు, అప్పట్లో దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ పోటీల్లో ఒకటైన రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. ఆ జట్టును తీర్చిదిద్దిన ఎస్.ఎ. రహీం గారే భారత జట్టుకూ కోచ్. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన శిక్షణలోనే వచ్చాయి. జకార్తా విజయం తర్వాత ఏడాది తిరక్కుండానే, 1963లో, ఆయన కన్నుమూశారు. 1956, 1960 ఒలింపిక్స్ రెండింటిలోనూ ఆడి, జకార్తాలో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్న తులసీదాస్ బలరాం పుట్టింది ఎక్కడ? అమ్ముగూడలో. మీ బొల్లారం రైలు లైనులోనే, కొన్ని స్టేషన్ల ఇవతల. ఆయన 2023లో పోయారు. కప్పు కోసం ఎదురుచూస్తున్న పిల్లలకు ఆ పేర్లు కూడా ఆ రాత్రి వినపడాలి. ఆ ఐదు నిమిషాలూ వెనక కీబోర్డ్ వద్దు.

ప్రశ్న: మేడమ్, మాది బార్కస్. మా దగ్గర ఏ ఖుషీ వచ్చినా మర్ఫా డప్పుల దరువు మోగాల్సిందే. మా టీమ్ అవార్డ్స్ నైట్‌కు హాల్లో మర్ఫా పెడదామంటే కొందరు తలనొప్పి అంటున్నారు. మీరేమంటారు?
– ఒక మిడ్‌ఫీల్డర్, బార్కస్

జవాబు: తమ్ముడూ, బార్కస్‌లో ఫుట్‌బాల్ ఫంక్షన్‌కు మర్ఫా లేదంటే నేనే ఒప్పుకోను. నిజాం కాలంలో యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సైనికుల కుటుంబాలు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు ఈ ఊరికి ఇచ్చిన సంగీతం అది. ఇవాళ హైదరాబాద్‌లో పెళ్లి బారాత్ అయినా, ఎన్నికల గెలుపు అయినా ఆ దరువు లేకుండా జరగదు.

కాకపోతే మర్ఫా బయట పుట్టిన వాద్యం, దానికి ఆకాశం కావాలి. నాలుగు గోడల మధ్య డఫ్‌లు, మర్ఫాలు, స్టీలు బిందె ఒక్కసారిగా అందుకుంటే ముసలివాళ్లకు, చంటిపిల్లలకు నిజంగానే కష్టం. మీ వాళ్ల తలనొప్పి మాట కొట్టిపారేయకండి. గేటు దగ్గర పెట్టండి. టీములు ఒక్కొక్కటిగా జెర్సీలతో వస్తుంటే మర్ఫా ముందు నడవాలి, హాలు గుమ్మం దగ్గర ఆగిపోవాలి. మళ్లీ చివర్లో, కప్పులు పట్టుకుని అందరూ బయటికి వచ్చినప్పుడు. ఈ రెండుసార్లూ పావుగంట చొప్పున చాలు.

ఇంకో పని చేయండి. వాయించేవాళ్లు తోలు కాచుకోవడానికి చోటు చూపించండి. డప్పు అయినా డఫ్ అయినా సెగ తగిలితేనే తోలు బిగుసుకుని ఖంగున మోగుతుంది. ఫంక్షన్ హాలు వాచ్‌మన్ మంట చూడగానే వచ్చి ఆర్పేయమంటాడు, వాళ్లు మెత్తబడ్డ తోలుతో వాయించాల్సి వస్తుంది. హాలు మేనేజర్‌తో ముందే మాట్లాడి, కార్లకు దూరంగా ఒక మూల, పక్కన బకెట్టు నీళ్లు పెట్టించండి.

ప్రశ్న: అక్కా, మా బాబు, వాడి టీమ్‌లోని ముగ్గురు పిల్లలు కలిసి గిటార్, కహోన్ (మీద కూర్చుని చేతులతో వాయించే చెక్కపెట్టె), కీబోర్డ్ వాయిస్తారు. క్లబ్ అవార్డుల రోజు స్టేజీ మీద వాయించమని కోచ్ గారు అడిగారు. పిల్లలు ఎగిరి గంతేశారు కానీ ఇప్పుడు టెన్షన్ పడుతున్నారు. పెద్ద ఆర్కెస్ట్రా తర్వాత వాయిస్తే నవ్వుతారేమో అని బాబు రాత్రి నిద్రపోవడం లేదు.
– ఒక అమ్మ, మల్కాజ్‌గిరి

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ కోచ్ గారికి నా నమస్కారాలు చెప్పు. బాబు భయంలో న్యాయం ఉంది. ఆర్కెస్ట్రా తర్వాత పెడితే సౌండు పలచగా అనిపిస్తుంది. ఆర్కెస్ట్రా కన్నా ముందు, కార్యక్రమం మొదట్లోనే పెట్టమని అడుగు. అప్పుడు హాలు ఇంకా అలసిపోదు, వినే ఓపిక ఉంటుంది.

రెండే పాటలు. వాళ్లకు బాగా వచ్చినవే, కొత్తవి వద్దు. పాడే బాబు గొంతు ఇప్పుడు మారే వయసులో ఉంటే పాటను రెండు మెట్లు కిందికి దించుకోమను. ఇంట్లో కూర్చుని సాధన చేసేది స్టేజీ మీద నిలబడి చేయాలి, అందుకని చివరి వారం ఇంట్లోనూ నిలబడే వాయించమను. షూస్ కూడా ఆ రోజు వేసుకునేవే వేసుకోవాలి. కహోన్ వాయించే బాబుకు, పెట్టె వెనక రంధ్రం దగ్గర ఒక మైకు పెట్టించు, లేకపోతే మొదటి వరస దాటి వినపడదు. ఆర్కెస్ట్రావాళ్లు సౌండ్ చెక్ చేసుకునేటప్పుడు పిల్లల్ని కూడా తీసుకెళ్లు. వాళ్లలో ఒకరు తప్పకుండా పిల్లల గిటార్ శ్రుతి సరిచేసి ఇస్తారు. ఇది నేను చాలాసార్లు చూశాను, వాయించేవాళ్లకు వాయించే పిల్లలంటే ప్రాణం.

మధ్యలో తప్పు పోతే ఆగొద్దని, ఒకరి ముఖం ఒకరు చూసుకుని మళ్లీ పల్లవి దగ్గర కలవమని చెప్పు. గ్రౌండులో బంతి పోయాక వాళ్లు చేసేదీ అదే కదా, బాబుకు చప్పున అర్థమవుతుంది.

ప్రశ్న: అవార్డుల ఫంక్షన్ గ్రౌండులోనే పెట్టుకుంటే పోలీసు పర్మిషన్ కావాలా? సినిమా పాటలు పాడితే ఎవరికైనా డబ్బు కట్టాలా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కావాలండీ. 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకర్ పెట్టాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ఆడిటోరియంలు, కమ్యూనిటీ హాళ్ల లాంటి మూసిన చోట్లకు, లోపలివాళ్లకు వినపడే వరకు, మినహాయింపు ఉంది. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్ల లోపు ప్రభుత్వం నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించి ఉండొచ్చు. మన క్లబ్బులు ఎక్కువగా స్కూలు గ్రౌండుల్లోనే ఆడతాయి కాబట్టి ఇది గుర్తుంచుకోండి. దరఖాస్తు చివరి రోజుకు పెట్టుకోకండి. అనుమతి కాగితం నకలు సౌండ్ అబ్బాయి జేబులో ఒకటి ఉండాలి.

పాటల విషయానికొస్తే, 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో ఔత్సాహిక క్లబ్బులకు మినహాయింపు ఉంది. మీ సభ్యులే పాడుతూ, టికెట్టు లేకుండా వినిపిస్తే అది ఉల్లంఘన కాదు. టికెట్టు పెట్టినా, డబ్బులిచ్చి ట్రూప్‌ను పిలిచినా లెక్క మారుతుంది. అప్పుడు పాటల రచయితలు, సంగీత దర్శకుల తరఫున లైసెన్సులు ఇచ్చే ఐపీఆర్‌ఎస్‌ను (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ) ముందే సంప్రదించండి. ఆ సంస్థ 1969 నుంచి ఉంది. కట్టిన డబ్బు పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు చేరుతుంది కాబట్టి, పాడి బతికినదానిగా నాకు అది భారంగా ఎప్పుడూ అనిపించలేదు.

ప్రశ్న: మేడమ్, నేను కీబోర్డ్ వాయిస్తాను. ఒక ఫుట్‌బాల్ క్లబ్ వాళ్లు అవార్డుల రాత్రికి రమ్మన్నారు. 'మాది చిన్న క్లబ్, భోజనం పెడతాం, నీకూ పేరొస్తుంది' అన్నారు. వెళ్లాలా?
– ఒక వాద్యకారుడు, కాచిగూడ

జవాబు: తమ్ముడూ, నీ పిల్లలో, తమ్ముళ్లో ఆ క్లబ్‌లో ఆడుతుంటే సంతోషంగా వెళ్లి ఉచితంగా వాయించు. అలా కాకపోతే డబ్బు అడుగు. సిగ్గుపడకు. ఆ రాత్రి టెంట్ హౌస్‌కు, బిర్యానీ మాస్టర్‌కు, కప్పుల దుకాణానికి డబ్బు ఇస్తున్నారు కదా. చిన్న క్లబ్ అన్నది నిజమే అయి ఉండొచ్చు, రేటు తగ్గించు, కానీ ఎంతో ముందే తేల్చుకో. ఆటో ఖర్చు విడిగా. అడ్వాన్సు కొంత తీసుకుని, ఎన్ని గంటలు వాయించాలో వాట్సాప్‌లో రాయించుకో, నోటిమాట మీద వెళ్లకు.

భోజనం గురించి కూడా అడగాల్సిన మాట ఒకటుంది. జనం తింటున్నప్పుడు నువ్వు వాయిస్తుంటావు, నీ వంతు వచ్చేసరికి గిన్నెలు కడుగుతుంటారు. మన ఆర్కెస్ట్రావాళ్లందరికీ తెలిసిన బాధే ఇది. అందుకని వాయించేవాళ్ల ప్లేట్లు విడిగా తీసి పెట్టమని ఉదయమే కార్యదర్శికి చెప్పు. పేర్ల జాబితా కూడా ఒక కాపీ అడిగి తీసుకుని, ఏ పిల్లవాడు ఏ వరసలో వస్తాడో కీబోర్డ్ మీద అతికించుకో.